హ్యూస్టన్ పెరటి నల్లమట్టి: గుర్తుపట్టడం నుంచి పదును పట్టడం దాకా

హ్యూస్టన్‌కు దక్షిణాన పేర్లాండ్‌లోనో, మిస్సోరి సిటీలోనో ఇల్లు కొన్న తెలుగువారు మొదటి వసంతంలోనే గోంగూర గింజలు, పార పట్టుకుని పెరట్లోకి దిగుతారు. వాన పడి రెండు రోజులే అయితే పార దిగుతుంది కానీ పైకి రాదు. వచ్చినా దానికి అంటుకున్న ముద్ద విదిలించినా రాలదు. వాన పడి నెలైతే పార అసలు దిగదు, రాతికి తగిలినట్టు ఖంగుమంటుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పెరిగినవారు చెప్పు కిందికి చూసుకుని నవ్వుకుంటారు, తెలిసిన మట్టే కాబట్టి. ఎర్ర చెల్క నేలల నుంచి వచ్చినవారు మాత్రం బిల్డరు చెత్త మట్టి పోసి మోసం చేశాడనుకుంటారు. నేను ఆ రెండో కోవకు చెందినవాడిని.

బిల్డరు తప్పేమీ లేదు. అది టెక్సాస్, లూసియానా తీర మైదానపు సొంత మట్టి. ఒకప్పుడు ఈ తీరం వెంబడి సుమారు 90 లక్షల ఎకరాల పచ్చిక బయలు ఉండేదని, అందులో ఇప్పుడు 1 శాతం కూడా మిగల్లేదని ప్రకృతి సంరక్షకులు లెక్కగడతారు. ఆ గడ్డి కింద చాలాచోట్ల ఉన్నది లేక్ చార్లెస్ బంకమట్టి. స్థానికులు దాన్ని ముద్దుగా గంబో అంటారు. బెండకాయ వేసి చిక్కగా వండే లూసియానా పులుసుకు కూడా అదే పేరు. బెండకాయ జిగట తెలిసినవారికి ఆ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ మట్టిని గుర్తుపట్టడం, దాని లక్షణాలను మీ చేతులతో మీరే పరీక్షించుకోవడం, తర్వాత అందులో పని చేయడం, ఈ మూడూ ఇక్కడ వరసగా చెబుతాను. అన్నిటికీ కేంద్రం మన రైతుల నోట రోజూ ఆడే ఒక్క మాట: పదును, అంటే మట్టి మరీ తడిగానూ మరీ పొడిగానూ కాక తవ్వడానికి సరిగ్గా తగిన తేమతో ఉండడం. ఎరువు, విత్తనం, పరికరాలు దాని తర్వాతే.

మొదటి అడుగు: మీ నేల పేరు తెలుసుకోండి

అమెరికాలో ప్రతి రకం నేలకూ ఒక పేరుంటుంది, సాధారణంగా దాన్ని మొదట గుర్తించిన ఊరి పేరు. మన మట్టికి లూసియానాలోని లేక్ చార్లెస్ నగరం పేరు వచ్చింది. ఆ దేశపు వ్యవసాయ శాఖ నడిపే వెబ్ సాయిల్ సర్వే అనే ఉచిత పటంలో మీ చిరునామా వేసి, ఇంటి చుట్టూ గీత గీస్తే అక్కడి నేల రకం కనిపిస్తుంది. ఫోనులో చూడాలంటే సాయిల్‌వెబ్ అనే యాప్ ఉంది. రెండూ ఒకే సర్వే సమాచారం చూపిస్తాయి.

పటంలో అందరికీ లేక్ చార్లెస్ అనే రాదు. పేర్లాండ్ నుంచి తూర్పుకు, బోమాంట్ వైపు వెళ్లేకొద్దీ బోమాంట్, లీగ్ అనే మట్టి రకాలు కనిపిస్తాయి. చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ వాటిలో ఆమ్ల గుణం ఎక్కువ. షుగర్ ల్యాండ్‌లో బ్రాజోస్ నదికి దగ్గరగా ఉంటే మట్టి నల్లగా కాక ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది. అది నది తెచ్చిపోసిన ఒండ్రు. అందులోనూ బ్రజోరియా అనే బంకమట్టి ఇంతే మొండిది. కేటీ వైపు చాలాచోట్ల పైన ఇసుక కలిసిన మట్టి, కింద బంక ఉంటాయి. అక్కడివారికి ఈ వ్యాసంలో సగమే పనికొస్తుంది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. టెక్సాస్ రాష్ట్ర నేలగా చెప్పుకునే మట్టి పేరు హ్యూస్టన్ బ్లాక్. పేరు చూసి అదే మన పెరటి మట్టి అనుకోవడం సహజం. కానీ అది ఉండేది డాలస్ ఉత్తరం నుంచి శాన్ ఆంటోనియో వరకు సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీలో. హ్యూస్టన్ పేరు పెట్టుకుని హ్యూస్టన్‌లో లేని మట్టి అది. ఇంటర్నెట్‌లో సలహాలు చదివేటప్పుడు వాటిలో ఏవి ఆ సున్నపు మట్టికి చెప్పినవో, ఏవి మనకు వర్తించేవో విడదీసుకోవాలి.

రెండో అడుగు: ఒక గొయ్యి తవ్వి పొరలు చదవండి

పటం వీధి స్థాయిలో నిజం చెబుతుంది, పెరటి స్థాయిలో కాదు. ఇల్లు కట్టేటప్పుడు నేల చదును చేస్తారు, పైన వేరే మట్టి పోస్తారు, గడ్డి చాపలు పరుస్తారు. కాబట్టి తవ్వి చూడాల్సిందే. తవ్వడానికి ముందు 811కు ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు, ఫోను తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి రంగు గుర్తులు వేసి వెళతారు. పునాదికి దూరంగా, చెట్ల వేళ్లకు ఎడంగా అడుగున్నర వెడల్పు, మూడడుగుల లోతు గొయ్యి చాలు. రేకు పార కన్నా సన్నటి పొడుగు పార, గునపం నయం.

నా పెరట్లో కనిపించింది ఇది. పైన నాలుగు అంగుళాలు బిల్డరు పోసిన లేత గోధుమ రంగు ఇసుక మట్టి. దాని కింద కత్తితో కోసినట్టు రంగు మారి, నల్లటి, కాస్త నీలి ఛాయ ఉన్న మట్టి మొదలైంది. చేతిలోకి తీసుకుంటే సబ్బు ముక్కలా నున్నగా ఉంది. రెండడుగుల దగ్గర ఒక పెళ్ల విరిచాను. విరిగిన ముఖం గరుకుగా ఉండాల్సింది పోయి మెరిసింది, దాని మీద ఒకే దిశలో సన్నటి గీతలున్నాయి. అడుగున రంగు బూడిదలోకి తిరిగి, పసుపు, ఆలివ్ మచ్చలు తేలాయి. అక్కడక్కడా శనగ గింజంత తెల్లటి సున్నపు గడ్డలు, ఆవగింజల్లాంటి నల్లటి గుండ్లు తగిలాయి.

వీటిలో ప్రతి ఆనవాలుకూ అర్థముంది. మెరిసే ఆ ముఖాలను నేల శాస్త్రంలో స్లికెన్‌సైడ్లు అంటారు. మట్టి తడిసి ఉబ్బినప్పుడు ఒక దిమ్మ మీద మరో దిమ్మ ఏటవాలుగా జారి, ఒరుసుకుని ఆ నునుపు వస్తుంది. ఆ మెరుపు కనిపించిందంటే మీ నేల లోపల కదులుతోందని ఇక అనుమానం అక్కర్లేదు. బూడిద రంగు, మచ్చలు ఏడాదిలో కొంతకాలం గాలి ఆడకుండా నీరు నిలిచిందని చెబుతాయి. సున్నపు గడ్డలు అడుగున సున్నం పేరుకుందని, నల్లటి గుండ్లు ఇనుము, మాంగనీసు కరిగి మళ్లీ గట్టిపడ్డాయని చెబుతాయి.

నలుపు చూసి మురిసిపోకండి. నల్లగా ఉంటే సారవంతమని మనకు చిన్నప్పటి నుంచి నమ్మకం. ఇక్కడ కుళ్లిన గడ్డి వేళ్ల సారం బంక రేణువులకు పూతలా పట్టేసి, కొద్దిపాటి సేంద్రియ పదార్థం కూడా మట్టిని నల్లగా చూపిస్తుంది. పోషకాలను పట్టి ఉంచే శక్తి మాత్రం నిజంగానే ఎక్కువ.

మూడో అడుగు: చేతివేళ్లతో మూడు పరీక్షలు

మొదటిది రిబ్బను పరీక్ష. గుప్పెడు మట్టిని నీళ్లు చిలకరించి చపాతీ పిండిలా పిసకండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పైకి పట్టీలా సాగదీయండి. ఇసుక మట్టి పట్టీ కట్టదు. మధ్యరకం మట్టి అంగుళం సాగి తెగుతుంది. రెండు అంగుళాలు దాటి వేలాడితే అది బంకమట్టి. లేక్ చార్లెస్ మట్టిలో బంక రేణువుల వాటా 40 నుంచి 60 శాతం వరకు ఉంటుంది. పట్టీ మూడు అంగుళాలు సాగినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండోది సీసా పరీక్ష. వెడల్పు మూతి గాజు సీసాలో మూడో వంతు పొడి మట్టి, చిటికెడు గిన్నెల మెషిన్ పౌడరు, నిండా నీళ్లు పోసి పది నిమిషాలు బాగా గిలకొట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు దిగుతుంది, ఒండ్రు రేణువులు రెండు గంటల్లో దిగుతాయి. బంక మాత్రం రోజు గడిచినా, రెండు రోజులైనా నీటిలో తేలుతూనే ఉంటుంది. ఈ పరీక్ష అంకెల్ని మరీ నమ్మకండి. ఉబ్బే మట్టి సీసాలోనూ ఉబ్బుతుంది కాబట్టి బంక పొర ఉన్నదానికన్నా మందంగా కనిపిస్తుంది.

మూడోదాన్ని చాలామంది చేయరు, నా దృష్టిలో అదే అన్నిటికన్నా విలువైనది. బాగా ఆరిన శనగ గింజంత మట్టి బెడ్డను వాన నీళ్లు లేదా డిస్టిల్డ్ వాటర్ పోసిన పళ్లెంలో మెల్లగా వేయండి, కదపకండి. రెండు గంటల తర్వాత చూడండి. బెడ్డ చిన్న చిన్న పలుకులుగా విడిపోయి నీళ్లు తేటగా ఉంటే మంచిదే. బెడ్డ చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మబ్బు వ్యాపిస్తే మట్టిలో సోడియం ఎక్కువైందన్నమాట, మన చవుడు లక్షణం. ముందుముందు జిప్సం అనే ఖనిజపు పొడి వేయాలా వద్దా అన్నది తేల్చేది ఈ పళ్లెమే.

నాలుగో అడుగు: నీరు ఎలా ఇంకుతుందో చూడండి

అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి, పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి, స్కేలు గుచ్చి గంటకోసారి ఎంత దిగిందో రాసుకోండి. మొదటిసారి చూసి సంతోషపడితే మోసపోతారు. మట్టి ఎండి ఉంటే నీళ్లు పగుళ్లలోకి గటగటా పోతాయి. రెండోసారికి మట్టి ఉబ్బి పగుళ్లు మూసుకుంటాయి. అప్పుడు కనిపించేదే అసలు వేగం.

తడిసిన లేక్ చార్లెస్ మట్టి గుండా నీరు దిగే వేగం గంటకు ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే. అంటే అంగుళం వాన కిందికి దిగాలంటే పదిహేడు గంటలు దాటుతుంది. హ్యూస్టన్‌లో ఏడాదికి పడేది 50 అంగుళాల పైచిలుకు, అదీ అంతా ఒకే కాలంలో పడదు. ఒక్కో సాయంత్రం గంటలో రెండు అంగుళాలు కుమ్మరిస్తుంది. దానికి తోడు నేల వాలు చాలాచోట్ల 1 శాతం కూడా ఉండదు. నీరు కిందికీ పోదు, పక్కకీ పోదు. అమెరికా నేల సర్వేలో వరద లెక్కలకు వాడే నాలుగు తరగతుల్లో దీన్ని చివరిదైన డిలో వేశారు, అంటే పడిన వానలో అత్యధిక భాగం పైన పారిపోయే నేల.

ఇదే లోపం వరికి వరమైంది. 1903లో హ్యూస్టన్‌కు ఆగ్నేయాన వెబ్‌స్టర్‌లో స్థిరపడిన జపాన్ దేశస్థుడు సెయితో సైబారా అక్కడ జపాన్ వరి విత్తనంతో సాగు మొదలుపెట్టాడు. టెక్సాస్ తీరంలో వరి సాగు చరిత్రలో ఆ పేరు తప్పక వస్తుంది. మడిలో పెట్టిన నీరు ఇంకిపోకుండా నిలబెట్టే అడుగు వరికి కావాలి. మన టమాటాకు కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఐదో అడుగు: పగుళ్లను చదవండి

జులై, ఆగస్టులలో నీళ్లు పెట్టని మూల ఒకటి వదిలేసి చూడండి. మొదట వెంట్రుకంత గీతలు, తర్వాత వేలు దూరేంత నెర్రెలు. నేల సర్వే వివరణల ప్రకారం ఈ మట్టిలో పగుళ్లు అంగుళం నుంచి మూడు అంగుళాల వెడల్పు దాకా వస్తాయి, ఎక్కువ సంవత్సరాల్లో ఏడాదికి మొత్తం మీద రెండు మూడు నెలలు తెరుచుకుని ఉంటాయి. సన్నటి ఇనుప ఊచ పగులులోకి దించి లోతు కొలవండి. మా ఇంటి వెనక 2011 కరువులో అలా దించిన మూడడుగుల ఊచ మొత్తం లోపలికి పోయిందని మాకు ఈ ఇల్లు అమ్మినాయన చెప్పాడు. అప్పుడు నమ్మలేదు, తర్వాత ఒక ఎండాకాలం నేనే చూశాను.

కారణం స్మెక్టైట్ అనే ఖనిజం. దాని రేణువులు పేకముక్కల దొంతరల్లా పొరలు పొరలుగా ఉంటాయి. నీరు ఆ పొరల మధ్యకే చొరబడి వాటిని ఎడం చేస్తుంది, ఆరితే మళ్లీ దగ్గరికి లాగేసుకుంటాయి. ఆరిన మీటరు పొడవు దిమ్మ తడిసినప్పుడు 9 సెంటీమీటర్లు, అంతకు మించి సాగే మట్టిని అతిగా ఉబ్బే మట్టి అని వర్గీకరిస్తారు. మనది ఆ వర్గమే. ఇలా తెరుచుకుని మూసుకునే నేలలన్నిటికీ శాస్త్రంలో వర్టిసాల్స్ అని పేరు. తిరగబడే నేలలని దాని భావం. మన నల్లరేగడీ ఈ కుటుంబానిదే. పుట్టుక మాత్రం వేరు. దక్కన్ నల్లరేగడిలో చాలా భాగం అగ్నిశిల అరిగి తయారైంది. లేక్ చార్లెస్ మట్టి ప్లైస్టోసీన్ యుగం చివర్లో నదులు సముద్రం అంచున పరిచిన డెల్టా ఒండ్రు, భూగర్భ శాస్త్రజ్ఞులు బోమాంట్ ఫార్మేషన్ అనే పొర.

ఇక తిరగబడడం అంటే ఏమిటో చూద్దాం. పగులు తెరుచుకున్నప్పుడు పైమట్టి అందులోకి రాలుతుంది. వాన పడి అడుగు ఉబ్బేసరికి అక్కడ చోటు చాలదు. మట్టి ఏటవాలుగా పైకి తోసుకొస్తుంది. వేల ఏళ్లు ఇలా జరిగితే చదునైన మైదానం మీద చిన్న చిన్న దిబ్బలు, గుంతలు ఏర్పడతాయి. దిబ్బకూ గుంతకూ తేడా అరడుగు నుంచి అడుగు చిల్లర దాకా ఉంటుంది. ఆస్ట్రేలియా మూలవాసుల భాష నుంచి వచ్చిన గిల్గై అనే మాట దీనికి ప్రపంచమంతటా స్థిరపడింది. టెక్సాస్ పాతకాలపు రైతులు మాత్రం పందుల బురదగుంటలని పిలిచేవారు. ఇళ్ల స్థలాల్లో చదును చేసే యంత్రాలు వాటిని చెరిపేశాయి. చూడాలనుంటే వాన పడిన మర్నాడు పాసడేనాలోని ఆర్మండ్ బయూ ప్రకృతి కేంద్రం పచ్చిక బయళ్ల వైపో, ఎన్నడూ నాగలి పెట్టని మరో పచ్చిక బయలుకో వెళ్లండి. గుంతల్లో నీరు, దిబ్బల మీద గడ్డి, మధ్యలో పూలు మూడు రంగుల్లో కనిపిస్తాయి.

ఆరో అడుగు: ప్రయోగశాలకు పంపండి

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పది పదిహేను చోట్ల ఆరు అంగుళాల లోతు దాకా మట్టి తీసి ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, నీడలో ఆరబెట్టి, అందులో రెండు కప్పులు కాలేజ్ స్టేషన్‌లోని టెక్సాస్ ఏ అండ్ ఎం వ్యవసాయ విస్తరణ విభాగపు ప్రయోగశాలకు పంపండి. వీలైతే పెరటికి వాడే నీటిని కూడా పరీక్షకు ఇవ్వండి. నీటిలో సోడియం ఎక్కువుంటే ఏడాదిపాటు మీరు పడ్డ కష్టమంతా మెల్లగా పోతుంది. ఫలితంలో ముందు చూడాల్సినవి ఉదజని సూచిక (పీహెచ్), భాస్వరం. ఏళ్ల తరబడి కంపోస్టు పోసిన పెరళ్లలో భాస్వరం ఇప్పటికే అవసరాన్ని మించి ఉంటుంది. అలాంటప్పుడు నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ కలిసిన మూడు అంకెల ఎరువు సంచీ కొని చల్లడం డబ్బు దండగ. ఉదజని సూచిక 7.5 దాటితే ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రమే పచ్చగా మిగలవచ్చు. ఇనుము మట్టిలో లేక కాదు, మొక్కకు అందక.

ఏడో అడుగు: పదును పట్టండి

ఇంటి పెద్దలు పొలానికి వెళ్లి, మట్టి చేతిలోకి తీసుకుని, ఇవాళ కాదు ఎల్లుండి అని తిరిగొచ్చేవారు గుర్తున్నారా? వాళ్లు చూసింది ఇదే.

నాలుగు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసుకోండి. అరచేతుల మధ్య పుల్లలా పేనండి. మూడు మిల్లీమీటర్ల సన్నటి దారంలా తెగకుండా వస్తే మట్టి ఇంకా పచ్చి, ఆ రోజు పెరట్లో కాలు కూడా పెట్టకండి. తొక్కిన ప్రతి అడుగూ మట్టి రంధ్రాలను మూసేస్తుంది, ఆరాక అక్కడ ఇటుక తయారవుతుంది. పేనుతుంటే దారం ముక్కలు ముక్కలుగా చిట్లితే పదునుకు వచ్చినట్టు. ఆ రోజు తవ్వితే పెళ్లలు వాటంతటవే గుల్లగా విడిపోతాయి. పుల్ల కట్టకుండా గట్టి బెడ్డల్లా ఉంటే ఆలస్యమైంది. మెల్లగా, లోతుగా నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఆగాలి.

నా పెరట్లో మార్చిలో అంగుళం వాన పడితే పదును సుమారు ఐదో రోజుకు వచ్చి, రెండు మూడు రోజులే ఉంటుంది. మేలో మూడో రోజుకే వచ్చి, నాలుగో రోజు సాయంత్రానికి పోతుంది. మీ పెరటి లెక్క వేరుగా ఉంటుంది కాబట్టి ఒక ఏడాది వాన తేదీ, పదును తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. శని ఆదివారాలే సెలవు దొరికేవారికి ఇబ్బందే. ఏడాది మొత్తం మీద పదునూ సెలవూ కలిసే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే వసంతం పనులను నేను అక్టోబరు, నవంబరుల్లోనే ముగిస్తాను. మడులు అప్పుడే కట్టి, ఆకులు కప్పి వదిలేస్తే ఫిబ్రవరిలో పారతో పని లేదు, వేలితో గుంట తీసి నారు పెట్టవచ్చు.

ఎనిమిదో అడుగు: మడులు కట్టండి, ఇసుక కలపకండి

బంకమట్టిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందని అందరూ చెబుతారు. మొదటి ఏడాది నేనూ ట్రక్కు ఇసుక తెప్పించి కలిపాను. ఆగస్టు కల్లా ఆ మడి పక్క మడి కన్నా గట్టిపడింది. మట్టిలో సగానికి మించి ఇసుక చేరితే తప్ప గుణం మారదు. అంతకు తక్కువైతే ఇసుక రేణువుల మధ్య సందుల్ని బంక నింపేసి కాంక్రీటులా బిగుస్తుంది. ఆ ఇసుకను తీసేయడం కుదరక, ఆ మూలన ఇప్పుడు కుర్చీలు వేసుకున్నాం.

పని చేసేవి రెండే, నీటికి దారి, మట్టిలో సేంద్రియ పదార్థం. నీటి దారికి మన దగ్గరే మంచి నమూనా ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అక్కడి కాసిరెడ్డిపల్లి నల్లరేగడిలో మీటరు వెడల్పు మడి, అరమీటరు కాలువ, సన్నటి వాలు అనే పద్ధతిని తీర్చిదిద్దింది. వాన ఎక్కువైతే కాలువ నీటిని తీసుకుపోతుంది, మడి మీద వేళ్లకు గాలి ఆడుతుంది. ఎకరాల కోసం చేసిన ఆ పద్ధతి పెరటికీ సరిపోతుంది. మూడున్నర అడుగుల వెడల్పు మడి, మధ్య అడుగున్నర బాట. బాట నుంచి తీసిన మట్టే మడి మీదికి పోతుంది. బాటలన్నీ ఒకవైపు వాలి పక్క కాలువలోకి పారాలి, పొరుగింటి పెరట్లోకి కాదు. చెక్క పలకలతో ఎత్తు మడులు కట్టుకున్నా మంచిదే. కానీ అడుగున నల్లమట్టిని గునపంతో కదిలించకుండా పైన సంచుల మట్టి పోస్తే కింద నీళ్లతొట్టి తయారవుతుంది.

మొదటిసారి రెండు మూడు అంగుళాల కంపోస్టును పైన ఆరేడు అంగుళాల మట్టితో కలపండి. తర్వాత ఏటా అంగుళం పైన పరిచి వదిలేయండి, వానపాములు లాక్కుపోతాయి. కాల్చి ఉబ్బించిన షేల్ రాతి పలుకులు కూడా టెక్సాస్‌లో దొరుకుతాయి. ఇసుకలా బిగుసుకోవు, లోపలి రంధ్రాల్లో గాలి, నీరు నిలుస్తాయి. ఖరీదు ఎక్కువ కాబట్టి మల్లె, గులాబీ లాంటి ఒకటి రెండు చోట్లకే వాడాను. జిప్సం సంగతి మూడో అడుగులోని పళ్లెం చెప్పింది. నీళ్లు తేటగా ఉంటే జిప్సం వల్ల ఒరిగేదేమీ లేదు. మబ్బు కనిపించి, ప్రయోగశాల కూడా సోడియం ఎక్కువంటేనే వేయండి.

తొమ్మిదో అడుగు: మట్టికి నచ్చే పంట ముందు

గోంగూర, బెండ, వంగ, అలసంద ఈ మట్టిలో దర్జాగా పెరుగుతాయి. ఏప్రిల్‌లో నేల వేడెక్కాక వేసిన గోంగూర ఒకసారి వేరు దించితే ఆగస్టు ఎండకూ చలించదు. మట్టి లోతున దాచుకున్న నీటిని తాగుతుంది. బీర, ఆనప పందిళ్లకు మడి ఎత్తుగా ఉంటే చాలు. టమాటా, మిరప నారు ఎత్తు మడుల్లోనే పెట్టండి. మే నెలలో రెండు రోజులు వేళ్ల దగ్గర నీరు నిలిస్తే పూత మొత్తం రాలుస్తాయి. ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలు వేయకపోవడమే మేలు. నేలలో ఇరుక్కుని రెండు కాళ్లు, మూడు కాళ్లు వేస్తాయి, పీకితే తల ఊడి చేతికొస్తుంది.

కరివేపను కుండీలో పెంచితే చలికి లోపలికి తెచ్చుకోవచ్చు, నీరు నిలిచే బెడదా ఉండదు. నిమ్మ జాతికి తెగులు మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగుకు కరివేప ఆశ్రయమిస్తుంది. అందుకే మొక్కను ఊరు దాటించే ముందు రాష్ట్ర నిబంధనలు చూసుకోండి. పూల చోటులో ఈ నేల సొంత బిడ్డలైన లిటిల్ బ్లూస్టెమ్, స్విచ్‌గ్రాస్, ఈస్టర్న్ గామాగ్రాస్ గడ్డి దుబ్బులు నాలుగైదు నాటండి. వాటి వేళ్లు పగుళ్లతో పాటు మనిషి ఎత్తు లోతుకు దిగుతాయి. నా కంపోస్టు పదేళ్లలో చేరలేని లోతుకు అవి మూడేళ్లలో దారి చేశాయి.

నీళ్లు పెట్టే తీరు కూడా మార్చుకోవాలి. స్ప్రింక్లరు అరగంట వదిలితే ఇరవై నిమిషాల నీరు వీధి కాలువలో కలుస్తుంది. ఎనిమిది నిమిషాలు పెట్టి, గంట ఆగి, మళ్లీ ఎనిమిది నిమిషాలు పెట్టండి. మధ్యలో పైపొర తడిని కిందికి పంపుతుంది.

పదో అడుగు: ఇంటి పునాదిని మరవకండి

ఈ మట్టి మడిని కదిపినట్టే ఇంటినీ కదుపుతుంది. హ్యూస్టన్ ఇళ్లలో ఎక్కువ భాగం నేల మీద పరిచిన కాంక్రీటు పలక మీద నిలబడినవే. పలక కింద మధ్య భాగం తడిగానే ఉంటుంది, అంచుల దగ్గర మట్టి ఎండి కుంచించుకుపోతుంది. అప్పుడు తలుపు చట్రం పైమూల నుంచి ఏటవాలుగా గోడ చీలుతుంది, పడకగది తలుపు ఆగస్టులో పట్టేసి డిసెంబరులో దానంతటదే సరిపోతుంది. తలుపు ఇలా రుతువును బట్టి మారుతుంటే కంగారు అక్కర్లేదు. చీలిక ఏటా పెరుగుతుంటే మాత్రం మరమ్మతు కంపెనీని పిలవడానికి ముందు స్వతంత్ర స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. మరమ్మతు అమ్ముకునేవారినే రోగం ఏమిటని అడగకూడదు కదా.

చేయాల్సిన పని అంచుల తేమను ఏడాదంతా ఒకేలా ఉంచడం. వాన నీరు గోడ వైపు రాకూడదు. పునాది నుంచి మొదటి పదడుగుల్లో నేల ఆరు అంగుళాలు వాలాలని ఇళ్ల నిర్మాణ నియమావళి చెబుతుంది. వర్షపు గొట్టాల నీరు దూరంగా వదలండి. ఎండాకాలంలో కారే రబ్బరు పైపును పునాదికి అడుగు, అడుగున్నర దూరంలో చుట్టూ వేయండి. గోడకూ మట్టికీ మధ్య తెరుచుకున్న పగులులోకి నేరుగా నీళ్లు వదలకండి, అది సరాసరి పలక అడుగుకు పోయి ఒక్కచోటే ఉబ్బిస్తుంది. పెద్ద ఓక్ చెట్టు ఇంటి దాపున ఉంటే ఆ వైపు మట్టి ముందుగా ఎండుతుంది, అటు కాస్త ఎక్కువసేపు పెట్టండి. ఒకవైపు మట్టి మాత్రం ఎండాకాలంలో కూడా తడిగా ఉంటే పైపు లీకుందేమో చూపించుకోండి.

ఎంతసేపు అని అడుగుతారు. గోడకు అడుగు దూరంలో స్క్రూడ్రైవరు గుచ్చి చూస్తాను. ఆరు అంగుళాలు శ్రమ లేకుండా దిగితే ఆ వారం పైపు తిప్పను. నాలుగు దగ్గర ఆగితే రాత్రి రెండు గంటలు, మరో మూడు రోజులకు ఇంకో రెండు గంటలు వదులుతాను. అక్టోబరు మొదటి చలిగాలి వానలు పడ్డాక పైపు చుట్టి గ్యారేజీలో పెట్టేస్తాను. ఆ వారమే వెనక పెరట్లో మడులకు పదును వస్తుంది.